పాలగొడుగుల మధ్య ఖాళీ

వానల 3వ రోజు

ఈ ఏడు గొడుగులు రెండు రోజులు ముందే లేచాయి. ఊరి సభ వాళ్ళు నాకు కొత్త పుస్తకం ఇచ్చారు. నిరుటి పుస్తకంలో వాళ్ళ గురించి నేను రాసినవి చదివి నొచ్చుకున్నారట. సరే, ఈసారి మర్యాదగానే రాస్తాను, చేతనైనంత వరకు.

నా పేరు గున్నమ్మ. వానాకాలం పొడుగునా పొద్దున్నే గుగ్గిలం వనమంతా నడిచి, పాలగొడుగులు ఎక్కడెక్కడ లేచాయో పటం మీద చుక్కలు పెట్టడం నా పని. చుక్కలు చిక్కగా ఉన్నచోట నేల కింద నీళ్ళున్నట్టు. అది చూసుకునే ఊట కాలువ ఎటు తిప్పాలో, ఏ చెట్టుకి గాటు పెట్టి గుగ్గిలం తియ్యాలో తేల్చుకుంటారు. ఈ గట్టు మీద నలభై ఒక్క ఇళ్ళూ ఆ ఊట మీదే బతుకుతున్నాయి.

పాలగొడుగు అంటే తెలియనివాళ్ళు ఇక్కడెవరూ లేరు గానీ, పుస్తకం రేపు ఎవరి చేతికి పోతుందో చెప్పలేం. ఇటుక రంగులో అరచేయంత ఉంటుంది. నడిమి గుంటలో వాననీళ్ళు నిలుస్తాయి. కాడ సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది. విరిగిన చోట పాలు కారతాయి, నాలుకకి తగిలితే మిరియాల మంట. గుగ్గిలం చెట్టు కింద తప్ప బతకదు. నేల లోపల దాని పోగులు చెట్టు వేళ్ళకి చుట్టుకుని, నీరూ సారమూ చెట్టుకిచ్చి, చెట్టు దగ్గర తీపి పుచ్చుకుంటాయి. బూడిద వానలు ఆగాక మా ముత్తాతలు ఈ బోడి గట్టెక్కినప్పుడు ఇక్కడ గడ్డిపరక లేదు. మొక్కలు నాటితే మాడిపోయేవి. ఈ పోగులున్న మట్టి వేశాకే చెట్లు నిలిచాయి.

అందుకని మాకు ఒకటే కట్టడి. గొడుగుని తొక్కకూడదు. పిల్లలకి నడక నేర్పేటప్పుడే నేర్పుతాం, ఖాళీ చూసుకుని కాలు పెట్టమని. నలభై ఆరేళ్ళలో నేను ఒక్కటి తొక్కలేదు.

పొద్దున్న బయల్దేరుతుంటే మా ఆయన దాలినాయుడు మందుల పెట్టె తుడుచుకుంటూ, “ఏటే, నీ గొడుగులొచ్చీసినాయా? ఇంక మూడు నెల్లు నా గంజి నానే కాసుకోవాల మరి” అన్నాడు.

“గంజి కూడా నీ పెట్టెనే అడుగు మావా” అన్నాను.

ఆ పెట్టె గట్టు కింది ఊళ్ళనుంచి వచ్చి ఇది మూడో వానాకాలం. నెత్తుటి చుక్క వేస్తే జబ్బేదో కనిపెట్టి మందిస్తుంది. దాని దీపాల భాష చదవడం మామ ఒక్కడికే వచ్చు. ఆరు నెలలు కిందకి వెళ్ళి నేర్చుకొచ్చాడు. అది వచ్చాక ఈ గట్టు మీద ఒక్కరూ చనిపోలేదు. మా అమ్మ అసిరమ్మ నిరుడు ఊపిరాడక, ఇంక లేదనుకున్నాక, లేచి కూర్చుని ఉప్పుచేప అడిగింది. కంటి పొర కూడా పోయింది. ఇప్పుడు నా వంటలో ప్రతి రాయీ కనిపిస్తోంది ఆవిడకి.

వానల 6వ రోజు

నాన్న చెట్టు కింద మూడు లేచాయి. “వచ్చావా” అన్నాను. మా దగ్గర అలాగే పలకరిస్తాం. చనిపోయిన మనిషిని నూలుబట్టలో చుట్టి మోకాటి లోతున పెట్టి, మీద గుగ్గిలం మొక్క నాటి, పక్క చెట్టు మొదట్లోంచి గుప్పెడు మట్టి తెచ్చి వేస్తాం. వనానికి ఇచ్చాం అంటాం. రెండో వానాకాలానికి ఆ మొక్క కింద గొడుగు లేస్తుంది. ఇంటివాళ్ళు వెళ్ళి చూసి, వచ్చావా అని, కాసేపు కూర్చుని వస్తారు. నేను ఈ రోజు నాన్న దగ్గర కూర్చుని అమ్మ మీద చాడీలు చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చి చూస్తే పెరట్లో చిక్కుడు పందిరి కింద పాలగొడుగులు ఉన్నాయి. పదో పన్నెండో. అన్నిటికన్నా దగ్గరి గుగ్గిలం చెట్టు మా పెరటికి రెండు వందల అడుగుల దూరం. వేలు పెట్టి మట్టి తవ్వాను. పోగులు కనిపించాయి, తెల్లగా, జడపాయంత లావుగా, గోడవారన తిన్నగా వచ్చాయి. చెట్టు లేకుండా ఇంత దూరం ఇది రావడం నేను చూడలేదు, వినలేదు.

“నీ ఎనకాలే వొచ్చుంటాయిలే. రోజూ అడివంతా కాళ్ళకి పూసుకొస్తావు గదా” అన్నాడు మామ. నేను నవ్వాను గానీ నాకు నచ్చలేదు. చిక్కుడు కోయడానికి అమ్మ వాటి మధ్య నుంచి మెలికలు తిరుగుతూ వెళ్ళింది.

వానల 9వ రోజు

ఈ రోజు కూడా మొదటి లోవలో తేలాను. వారంలో ఇది మూడోసారి.

మొదటి లోవ అంటే వనం నడిబొడ్డున పళ్ళెంలా పల్లంగా ఉండే చోటు. గట్టెక్కిన మొదటి తరం వాళ్ళని దాని చుట్టూనే పెట్టారు. ముసలి చెట్లు. నేను పొద్దున్న బయల్దేరింది తూర్పు వాగు వైపు. గొడుగులు ఎన్నడూ లేనంత చిక్కగా ఉన్నాయి. తల వంచుకుని ఖాళీ చూసుకుంటూ, ఇక్కడో అడుగు, అక్కడో అడుగు వేసుకుంటూ పోయాను. నడుం పట్టేసి తలెత్తితే ఎదురుగా లోవ.

ఆ ముసలి చెట్ల ఆకు పసుపు పడింది. వానల్లో పసుపు పడడమేమిటి? రాలుతోంది కూడా. లోవ లోపల మాత్రం ఒక్క గొడుగు లేదు. నల్లటి మట్టి, అలికినట్టు నున్నగా ఉంది. చేతికర్ర పొడిచి చూశాను. పట్టుకున్న చోటి దాకా దిగిపోయింది. బయటికి లాగి ముట్టుకుంటే కర్ర వెచ్చగా ఉంది.

నాకు భయమేసింది. ఇక్కడ పుట్టి పెరిగిన వనం చూసి భయమేయడం సిగ్గుగానే ఉంది, కానీ వేసింది.

వానల 11వ రోజు

లోవలో ఒక కొండగొర్రె ఉంది. కడుపు దాకా మట్టిలో కూరుకుపోయి ఉంది. గింజుకోవడం లేదు. నెమరు వేస్తోంది. నన్ను చూసి చెవి కూడా కదపలేదు. మామూలుగా నా దగ్గు వినపడితే చాలు ఆమడ దూరం పరుగెత్తే జాతి అది. అంచున బోర్లా పడుకుని కొమ్ముకి తాడు వేసి లాగాను. రాలేదు. లోపల ఎవరో పట్టుకున్నట్టుంది. దాని మెడ దాకా సన్నటి తెల్లని పోగులు పాకి ఉన్నాయి. కళ్ళు మాత్రం ప్రశాంతంగా ఉన్నాయి, పాలు తాగిన పిల్ల కళ్ళలాగా. ఆ ప్రశాంతత చూసే నాకు ఏడుపొచ్చింది.

వానల 12వ రోజు

కొండగొర్రె లేదు. నేల నున్నగా ఉంది. అంచున ఉన్న ఒక్క ముసలి చెట్టుకి చిగురు వేసింది. ఒక్కదానికే.

వానల 13వ రోజు

సభకి చెప్పాను. గొడుగులు ఎక్కువ లేవడం మంచిదేనట. ఊట జానెడు తగ్గిన మాట నిజమేనట, వానలు ముదిరితే అదే సర్దుకుంటుందట. లోవ చుట్టూ కంచె వెయ్యమంటే, గొడుగుల మధ్య గుంజలు పాతడం కుదరదన్నారు. నిరుడు వాళ్ళ గురించి నేను రాసినవేవీ తప్పు కాదని ఈ రోజు మళ్ళీ రాస్తున్నాను.

వానల 15వ రోజు

పటం చాప మీద పరిచి చుక్కలు పెడుతున్నాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

“ముగ్గు బాగుందే” అంది.

“ముగ్గేటమ్మా, పటం ఇది.”

“నాకు సెప్తావేటి. మెలికల ముగ్గు. సుక్కల్ని ముట్టకుండా గీత పోవాల.” ముగ్గు వేసి వేసి అరిగిన వేలుని చుక్కల మధ్య ఖాళీలో పెట్టి, ఎత్తకుండా, మెలికలు తిప్పుకుంటూ లాక్కుపోయింది. చిక్కుడు పందిరి దగ్గర మొదలైన వేలు వనమంతా చుట్టబెట్టి మొదటి లోవలో ఆగింది. ఇంకెటూ పోవడానికి ఖాళీ లేదు. “ఇదే గీత. ఇంకోటి నేదు” అంది.

ఇరవై ఏళ్ళుగా నేను చుక్కలే చూశాను. గొడుగు ఎక్కడుందో రాశాను గానీ ఎక్కడ లేదో ఒక్కసారీ చూడలేదు. గొడుగుని తొక్కని మనుషులం మేము. గొడుగులు ఎక్కడ లేకపోతే అక్కడే కాలు పెడతాం. మమ్మల్ని ఎటు నడిపించాలనుకుంటే అటు ఖాళీ వదిలితే చాలు.

మామని పిలిచి చూపించాను. అతనూ ఆ ఖాళీ వెంట వేలు పెట్టి లోవ దాకా లాగి చూశాడు. అమ్మే అంది: “రెండేళ్ళు దాటిపోనాది, వనానికి ఎవుర్నీ ఇవ్వనేదు. దానికి ఆకలేస్తాది గదా. నాను ఎల్లాల్సిన దాన్ని. మా యింటి కాడినుంచే గీత మొదలెట్టింది సూడు.”

“నోర్మూసుకో అత్తా!” మామ అంత గట్టిగా అరవడం నేనెప్పుడూ వినలేదు. “తొమ్మిది మందిని బతికించినాను నాను. చెట్టుకి ఆకలేస్తందని మళ్ళీ సంపుకోమంటావేటి? గెత్తం ఏస్తాను. పేడ ఏస్తాను. నిన్ను మాత్రం ఇవ్వను.”

“పేడతో సమానమా నాను?” అని అమ్మ నవ్వింది. మామ నవ్వలేదు. పెట్టె గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

వానల 17వ రోజు

ఇది సభ చదివే పుస్తకం. అయినా రాస్తున్నాను, రాయకపోతే ఊపిరాడేటట్టు లేదు.

పొద్దున్న లేచేసరికి అమ్మ పక్క ఖాళీ. పందిరి కింద ఆవిడ అడుగులు ఉన్నాయి, గొడుగుల మధ్య బురదలో, చిన్న చిన్న అడుగులు. మామ పెట్టె గదిలో జ్వరం పిల్లకి సూది వేస్తున్నాడు. పిలవకుండానే పరుగెత్తాను.

పరుగెత్తడం ఎక్కడ కుదురుతుంది? ఆ మెలికల బాట నన్ను అటు తిప్పి ఇటు తిప్పి గంటసేపు నడిపించింది. చివరికి చెట్ల సందులోంచి అమ్మ కనిపించింది. లోవ నడుమ మోకాళ్ళ దాకా దిగిపోయి నిలబడి ఉంది, చేతులు కట్టుకుని. నాకూ ఆవిడకీ మధ్య నలభై బారల దూరం, అంతా గొడుగులు. ఖాళీ పట్టుకుని వెళ్తే ఇంకో రెండు చుట్లు.

“అమ్మా!” అన్నాను.

“సల్లగుందే గున్నా” అంది. “నొప్పులన్నీ పోనాయి. నువ్వెల్లిపో.”

నేను తొక్కాను.

మొదటిది పాదం కింద పుటుక్కుమంది. ఆ చప్పుడు ఒంట్లోకి వచ్చింది. తర్వాత లెక్కలేదు. తిన్నగా పరుగెత్తాను. పాలు కాలివేళ్ళ మధ్య జిగురుగా పట్టాయి, మండాయి. అంచున పడుకుని అమ్మ రెండు చంకల్లో చేతులు వేసి లాగాను. కొండగొర్రె రాలేదు గానీ అమ్మ వచ్చింది. ఇంకా ఎక్కువసేపు కాలేదు కాబోలు. కాళ్ళ చుట్టూ ఉన్న పోగులు పత్తి చీలినట్టు చీలాయి. గిల్లి చూస్తే ఆవిడ పాదాలకి స్పర్శ లేదు.

వీపు మీద ఎత్తుకున్నాను. వెనక్కి మెలికల బాట పట్టే ఓపిక లేదు. ఇష్టం కూడా లేదు. లోవ నుంచి మా పెరటి దాకా గీత గీసినట్టు తిన్నగా నడిచాను, దొరికిన ప్రతి గొడుగునీ తొక్కుకుంటూ. నిజం చెప్పాలంటే అవసరం లేనివి కూడా మడమతో నలిపాను. నాన్న చెట్టు కిందవి కూడా. నలభై ఆరేళ్ళ భయం కాళ్ళలోంచి దిగిపోతున్నట్టు హాయిగా ఉంది. పావు గంటలో ఇంట్లో ఉన్నాం.

వీపు మీద అమ్మ ఏడుస్తూనే ఉంది. “తొక్కినావే, ఎంత పని సేసినావే” అని. ఇంటికొచ్చాక ఇద్దరం ఒట్టు వేసుకున్నాం, తొక్కిన సంగతి ఎవరికీ చెప్పకూడదని. మామకి కూడా. ముత్తాతల నాటి నుంచి ఎవరూ చెయ్యని పని. మామ ముఖం ఎలా మారుతుందో చూడలేను. బురదలో దిగబడితే లాక్కొచ్చానని చెప్పాం. ఈ పేజీ తర్వాత చింపేస్తాను.

నా మోకాళ్ళు బూరెల్లా వాచాయి. వాన దంచి కొడుతోంది.

వానల 18వ రోజు

రాస్తున్నది దాలినాయుడు. గున్న మంచం దిగలేకపోతోంది. మందిచ్చి పడుకోబెట్టాను. ఈ రోజు నడక నేను నడుస్తున్నాను. ఆమె వద్దంది. ఒక్కరోజు చుక్కలు పడకపోతే సభ వాళ్ళు ఆమెని మాటలంటారని నేనే పుస్తకం లాక్కున్నాను. వెనక పేజీలు చదవనని ఒట్టు పెట్టించుకుంది. చదవలేదు. నా మీద ఏవో రాసి ఉంటుంది.

మెలికల బాట జోలికి వెళ్ళొద్దని పదిసార్లు చెప్పింది. వెళ్ళను. పెరటి వెనక ఇంకో బాట ఉంది. పటంలో లేదు. తిన్నగా, శుభ్రంగా, ఒక మనిషి పట్టేంత. రాత్రి వానకి కడిగినట్టుంది. అటూ ఇటూ గొడుగులు గోడ కట్టినట్టు నిలబడ్డాయి, బాటలో మాత్రం ఒక్కటి లేదు. మెలికల బాటకి ఇది అడ్డంగా పోతోంది కాబట్టి ఇటే వెళ్తాను. రెండు వైపులా చుక్కలు పెట్టుకుంటూ పోవచ్చు. గున్న ఇన్నేళ్ళూ నడుం నొప్పి నడుం నొప్పి అని ఎందుకు సణిగేదో తెలియడం లేదు. కావాలంటే పాటలు పాడుకుంటూ నడవొచ్చు.

పావు గంట నడిచాను. తల వంచుకుని చుక్కలు పెడుతున్నాను. నేల మెత్తబడింది.

చీలమండల దాకా దిగింది. వెనక్కి తిరగబోయాను, కాలు రావడం లేదు. కంగారుపడకూడదు. మునివేళ్ళకి స్పర్శ పోయింది. నొప్పి లేదు. మత్తు ఎక్కుతోంది, కింది నుంచి పైకి. నాడి నెమ్మదిగా ఉంది. ఈ మందేదో పెట్టెలో ఉంటే పళ్ళు పీకేటప్పుడు పనికొచ్చేది.

మోకాళ్ళు. గట్టిగా పిలిచాను. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలవాలని అనిపించలేదు. అలా అనిపించకపోవడమే మంచిది కాదని నాకు తెలుసు. కాబట్టి ఇంకోసారి పిలిచాను.

గున్నా, ఆ జ్వరం పిల్లకి మూడో సూది రేపు పొద్దున్న పడాలి. పెట్టె మీద పచ్చదీపం రెండుసార్లు ఆరి వెలిగాకే మందు తియ్యాలి, ఒకసారికి తియ్యకు. ఎర్రది వెలిగితే ఏం చెయ్యాలో చెప్పాలంటే చాలా ఉంది. చల్లగా బాగుంది. నిన్ను వదిలి ఇలా బాగుండకూడదు. పుస్తకం తడవకముందే అంచుకి విసిరేస్తున్నాను.

వానల 19వ రోజు

పుస్తకం లోవ అంచున దొరికింది.

నిన్న మధ్యాహ్నం పెరటి వైపు చూసి అమ్మ నన్ను పిలిచింది. మొన్నటి మెలికల ఖాళీ ఎక్కడా లేదు. అంతా గొడుగులతో పూడిపోయి ఉంది. నేను తొక్కిన బాట ఒక్కటే తెరిచి ఉంది. ఇంటి గోడలు పట్టుకుని బయటికొచ్చి, పాక్కుంటూ, అదే బాటన వెళ్ళాను. మామ అడుగులు బురదలో పెద్ద పెద్దగా, హాయిగా పడ్డాయి. ఒక్క గొడుగుకి కూడా కాలు తగలనివ్వలేదు. అంచు దాకా ఉన్నాయి. తర్వాత నేల నున్నగా ఉంది.

మోచేతుల దాకా చేతులు పెట్టి తవ్వాను. ఊళ్ళో వాళ్ళు వచ్చి నన్ను లాగేదాకా తవ్వాను.

తొక్కానని ఒక్క మాట చెప్పి ఉంటే ఆ బాట ఎవరిదో అతనికి తెలిసేది. సిగ్గుపడ్డాను. నా సిగ్గు దాచుకోవడానికి నా మనిషిని ఇచ్చుకున్నాను.

వానల 22వ రోజు

ముసలి చెట్లన్నీ చిగురు వేశాయి. ఊట మూరెడు పెరిగింది. సభ వాళ్ళు వచ్చి కూర్చుని, దాలినాయుడు ఊరిని నిలబెట్టాడన్నారు. మొదటి లోవలో మొక్క నాటమన్నారు. బయటికి పొమ్మన్నాను.

జ్వరం పిల్ల నిన్న పోయింది. పచ్చదీపం రెండుసార్లు వెలిగింది, మందు తీశాను, సూది వేశాను. తర్వాత ఎర్రది వెలిగింది. పిల్లని వనానికి ఇచ్చారు. గట్టు మీద పెట్టె చదవగలిగిన మనిషి ఇంక లేడు. ఉన్న ఒక్కడినీ ఎంచుకునే తీసుకుందా అని అమ్మని అడిగాను. వనం మనుషుల్ని ఎంచదు, బాట మీదికి ఎవరొస్తే వాళ్ళే అంది అమ్మ. నాకు నమ్మకం కుదరలేదు.

పటం మీద ఈ రోజు ఒక్క చుక్క లేదు.

వానల 26వ రోజు

రాత్రి మళ్ళీ వాన పడింది. పొద్దున్న తలుపు తీస్తే గడప కింద నుంచి ఊరంతా గొడుగులు. వీధిలో, అరుగుల మీద, ఊట గట్టు మీద. జనం గుమ్మాల్లో నిలబడిపోయారు, బయటికి కాలు పెట్టే చోటు లేక.

నాకు వెర్రి కోపం వచ్చింది. అందరూ చూస్తుండగానే దిగి తొక్కాను. “సూడండి! తొక్కండి! ఏటవుతాదో సూద్దాం!” అని అరుస్తూ తొక్కాను. ఎక్కడ చిక్కగా ఉంటే అక్కడికి పోయి తొక్కాను. పాలకి పాదాలు బొబ్బలెక్కాయి. నాకు బాగానే ఉంది. ఇంకా చిక్కగా ముందున్నాయి, అక్కడికి పోయాను. ఇంకా ముందు ఇంకా చిక్కగా ఉన్నాయి. ఒక్కటి కూడా మిగలకూడదనుకున్నాను.

ఆయాసం వచ్చి ఆగాను. వెనక చప్పుడైతే తిరిగి చూశాను.

నేను తొక్కిన జాడలో, ఒకరి వెనక ఒకరు, జనం వస్తున్నారు. కడవలు పట్టుకుని, గంపలు పట్టుకుని, పనుల మీద. అటూ ఇటూ గొడుగులకి కాలు తగలకుండా, చీరలు ఎత్తి పట్టుకుని, బుద్ధిగా. అందరికన్నా ముందు, నా వీపు వెనకే, మా అమ్మ ఉంది.

ఎదురుగా చూశాను. పల్చగా కొన్ని చెట్లు, ఆవల మొదటి లోవ. ఇరవై అడుగులు.

తొక్కనివాళ్ళని ఖాళీ చూపించి నడిపించింది. తొక్కే దాన్ని గొడుగులు చూపించి నడిపించింది. ఇప్పుడు తెలిసింది నాకు.

“ఎనక్కి ఎల్లిపోండి! ముందు లోవుంది!” అన్నాను.

“ఎలా తిరుగుతామే గున్నా” అన్నారు వెనకనుంచి ఎవరో, మర్యాదగానే. “ఒక్క మనిషి పట్టే బాట. తిరిగితే గొడుగు మీద కాలు పడదేటి? నువ్వు ముందుకి పద, లోవకి ఇవతలే ఎక్కడో తిరుగుదాం.”

పక్కనున్నవి నేనే తొక్కి చోటు చేశాను. రెండు అడుగులు చేస్తే, ఆ చోటులోకి కూడా వాళ్ళే జరిగి నిలబడ్డారు, నా వైపే తిరిగి. ఇంకా వస్తున్నారు. వరస చివర నాకు కనిపించడం లేదు.

“అమ్మా, నీకు తెలుసు గదా ఇది ఎక్కడికెల్తాదో. నువ్వైనా సెప్పు వీళ్ళకి” అన్నాను.

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. అల్లుడు పోయిన రోజు నుంచి ఆవిడ అన్నం సరిగా తినలేదు. నా బదులు ఎల్లిపోనాడు అన్న మాట తప్ప ఇంకో మాట లేదు.

“తెలుసే. నడువమ్మా” అంది.

నేను ముందుకి అడుగు వేస్తే వీళ్ళందరూ వేస్తారు. పక్కకి తొక్కితే పక్కకి వస్తారు. పుస్తకం నడుముకి కట్టి ఉంది, తీశాను. ఎండెక్కింది. వెనక ఎవరో కడవ ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకున్నారు. అమ్మ చెయ్యి భుజం మీద నెమ్మదిగా నెడుతోంది. నేను కదలకుండా నిలబడి రాస్తున్నాను.